ఫ్రెంచి గుర్రం ధర

"నిజం చెప్పు డాడీ. నా గుర్రం మీద పందెం కాశావా, లేదా?"

గుర్రాలను తిప్పి చూపించే ఆవరణలో, కంచెకి అవతల నిలబడి అడిగింది మార్లీ. ఒంటి మీద పసుపుపచ్చ పట్టుచొక్కా, చంకలో హెల్మెట్. ఇంకాసేపట్లో ప్రపంచ చాంపియన్‌షిప్ పందెం. చిన్నాచితకా పందేల్లో ఏళ్ల తరబడి దుమ్ము తిని, రెండుసార్లు భుజం ఎముక విరగ్గొట్టుకుని, ముప్పై నాలుగో ఏట మొదటిసారి ఇందులో స్వారీ చేసే అవకాశం సంపాదించుకుంది. ఇంకోసారి వస్తుందన్న ఆశ ఆమెకే లేదు.

"కాయకపోవడమేంటే! ఐరన్ కల్నల్ మీదే కాశా. అదీ గెలుపు మీద," అన్నాడు వెండెల్.

"ఒట్టు?"

"ఒట్టే తల్లీ!"

మార్లీ ముఖం చిన్నపిల్లలా వెలిగిపోయింది. వెండెల్ చెయ్యి మాత్రం జేబు మీదికి పోయింది. అందులో ఉన్న టికెట్లన్నీ మిరాబెల్ అనే ఫ్రెంచి ఆడగుర్రం మీదివి.

గుర్రప్పందేల ఊరైన లెక్సింగ్టన్‌లో వెండెల్ టాకెట్ మాటంటే మాటే. ఏ గుర్రంలో సత్తా ఉందో, ఏది వట్టి ఆర్భాటమో రోజూ పొద్దున్నే రేడియోలో చెబుతాడు. చెప్పింది తప్పిన రోజులు బోలెడున్నాయి. తెలిసి అబద్ధం చెప్పిన రోజు మాత్రం లేదు, మొన్న మంగళవారం దాకా.

ఆ పొద్దున మంచులో మిరాబెల్ కసరత్తు చూశాడు. సముద్రం దాటి వచ్చే గుర్రాలు మన ఇరుకు మలుపుల దగ్గరే తడబడతాయి. ఇది మాత్రం సొంత పెరట్లో పిల్లిలా తిరిగింది. గెలిచేది ఇదేనని అతనికి అక్కడే తెలిసిపోయింది. కానీ ఆ ముక్క రేడియోలో చెబితే ఊరంతా దాని మీదే ఎగబడుతుంది. పందెం ధర కట్టేది జనమే కదా, ఎంత ఎక్కువమంది కాస్తే గెలిచినవాడి చేతికి అంత తక్కువ వస్తుంది. గెలిచే గుర్రాన్ని ఎవడైనా పడతాడు, మంచి ధరకి పట్టినవాడే మొనగాడు అని అతను జీవితమంతా చెప్పుకొచ్చాడు. రిటైరయ్యే లోపు ఒక్కసారి తనే ఆ మొనగాడు కావాలనిపించింది. బుద్ధి గడ్డి తింది.

"ఆ ఫ్రెంచిదానికి మన మలుపులు తిరగడం చేతకాదు. దాని మీద తగలేసే డబ్బుతో ఇంత బర్గూ మాంసం పులుసు కొనుక్కుని కడుపునిండా తినండి. కాయాలంటే ఐరన్ కల్నల్ మీద కాయండి," అనేశాడు మైకులో.

మర్నాడు జాకీల పేర్లు బయటికొచ్చాయి. ఐరన్ కల్నల్ మీద స్వారీ చేసేది తన కూతురే! వెండెల్ ఆ జాబితా రెండుసార్లు చదివాడు. ఎవరికి ఏ గుర్రం దక్కాలో మన చేతిలో ఉందా, బరిలో దిగడమే దానికి గొప్ప అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

మార్లీని సాగనంపి గ్యాలరీ మెట్లెక్కుతుంటే, పాత నేస్తం హోబర్ట్ బర్బన్ విస్కీ గ్లాసుతో ఎదురొచ్చాడు.

"ఒరేయ్ వెండెల్, బోర్డు చూశావా? మిరాబెల్ గెలిస్తే డాలరుకి ముప్పై అట! దాని మొహం చూసే నాథుడు లేడు. అంతా నీ చలవే."

"నోరు మూసుకుని పందెం చూడరా."

"కూతురు ఎక్కుతోందని కల్నల్‌ని ఆకాశానికెత్తావని అనుకుంటున్నారు జనం."

"నేను చెప్పేనాటికి అది ఎక్కుతుందని నాకు తెలీదురా!" అని కసిరాడు వెండెల్.

గేట్లు తెరుచుకున్నాయి. చివరి మలుపు దాకా పసుపుపచ్చ చొక్కాయే ముందుంది. వెండెల్ జేబులో టికెట్ల సంగతి మరిచిపోయి, "పదవే మార్లీ, పద!" అని గొంతు చించుకున్నాడు. ఆ క్షణాన అతను కోరుకున్నది నిజంగా ఆమె గెలుపే. మలుపులో లోపలి కంచెని రాసుకుంటూ ఆకుపచ్చ చొక్కా దూసుకొచ్చింది. మిరాబెల్. కల్నల్ అడుగు బరువెక్కింది. దాన్ని ఒకటి దాటింది, ఇంకోటి దాటింది. గీత దగ్గరికి వచ్చేసరికి మిరాబెల్ అన్నిటికంటే ముందు, మార్లీ ఐదో స్థానంలో ఉన్నారు.

వెండెల్ తన జన్మలో అంతకుముందెప్పుడూ అంత పెద్ద పందెం గెలవలేదు. సంతోషం మాత్రం ఎంత వెతికినా కనపడలేదు.

హోబర్ట్ తన టికెట్ చించి గాల్లోకి వదిలాడు. "నీ మాట నమ్మి మునిగాన్రా. పోన్లే, నువ్వూ నాతోపాటే మునిగావుగా!"

వెండెల్ తల వంచుకుని మెట్లు దిగాడు.

జాకీల గది బయట మెట్టు మీద కూర్చుని ఉంది మార్లీ. ముఖం నిండా మట్టి, దాని మీద కన్నీటి చారలు. తండ్రిని చూసి లేవబోయింది.

"సారీ డాడీ. నీ డబ్బు పోగొట్టాను."

వెండెల్ ఆమె భుజం పట్టి మళ్లీ కూర్చోబెట్టాడు. నిజం చెప్పేద్దామనుకున్నాడు, ధైర్యం చాలలేదు. పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరాడు.

"డబ్బు పోతే పోయిందిలే. నీ తప్పేముందే ఇందులో? జాకీ అన్నాక ఇచ్చిన గుర్రం ఎక్కడమేగా."

మార్లీ తల అడ్డంగా ఊపింది.

"ఇచ్చింది కాదు డాడీ, నేను ఎంచుకున్నది. ఇక్కడి మలుపులు ఎరిగిన జాకీ కావాలని మిరాబెల్ ట్రైనర్ ముందు నన్నే అడిగాడు. సరే అనబోతుంటే, రేడియోలో నీ గొంతు వినపడింది."