గ్రాఫులో బతికిన గూడబాతులు

పెదకొమ్మర చెరువులో గూడబాతులు చచ్చి మూడు రోజులైంది. పరిశోధన విద్యార్థిని హైమవల్లి, పడవ నడిపే యేసుపాదం ముక్కులకు గుడ్డలు కట్టుకుని వాటిని గోతాల్లోకి ఎత్తుతున్నారు. ఒకదాని ముక్కు సంచిలోంచి పురుగులు ఆమె చేతి మీదికి పాకాయి. ఆమె పడవ అంచు మీంచి వంగి వాంతి చేసుకుంది.

అప్పుడే ప్రొఫెసర్ మృత్యుంజయరావు ఫోన్ చేశాడు.

"మన పరిశోధన పేపరును జర్నల్ వాళ్లు తీసుకున్నారమ్మా! నువ్వు సరేనంటే చాలు, అచ్చవుతుంది."

ఆ పేపరు రాసింది సాఫ్ట్‌వేరు. ఇప్పుడు అన్ని చెరువులకూ అదే కాపలా. గ్రాఫులో పక్షికొక చుక్క, కలిసి తిరిగే పక్షుల మధ్య గీత. ఏ పక్షి కాలికి తొడిగిన సిగ్నల్ ఉంగరమైనా మూగబోతే, పక్క చుక్కలను బట్టి అది బతికే ఉందని రాసుకుంటుంది.

"సార్, అన్నీ చచ్చాయి. ఫొటోలు పంపాను కదా."

"సాఫ్ట్‌వేరు వాటిని పొరపాటని తీసేసింది. గ్రాఫులో గుడ్లు కూడా పెడుతున్నాయి!"

"ఒక్కసారి వచ్చి ఈ కంపు చూడండి సార్."

"కంపును ఏ గడిలో నింపుతామమ్మా?" ఆయన నవ్వాడు.

ఆమె చేతి మీద మిగిలిన పురుగును నీళ్లలోకి విదిలించింది.

"ఆ పేపరులోంచి నా పేరు తీసేయండి."

"నీ డాక్టరేట్ పోతుంది."

"పోనివ్వండి," అని ఫోన్ పెట్టేసింది.

"అమ్మా, పక్షులు బాగున్నాయని ఆ సాఫ్ట్‌వేరు చూపిస్తోందిగా, నీళ్లూ మంచివేనని ఊళ్లోకి తాగడానికి ఇవే వదులుతున్నారు," అన్నాడు యేసుపాదం.

హైమవల్లి తెడ్డు అందుకుంది. ఇద్దరూ గట్టెక్కి పంపు షెడ్డుకు పరుగెత్తి, తుప్పు పట్టిన వాల్వు చక్రాన్ని బలమంతా పెట్టి నీళ్లు ఆగిపోయేదాకా తిప్పారు.