ఎదురొచ్చిన మనిషి

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తలెత్తేసరికి, దారిలో ఎవరో ఎదురొస్తున్నారు.

సత్తిబాబు ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

తెల్లచీర. నెరిసిన జుట్టు. నుదుట బొట్టు లేదు.

శుభమా అని విమానం లేపబోతుంటే బొట్టు లేని ఆడమనిషి ఎదురా?

నలుగురు పట్టే పాత బుల్లి విమానం అది. సత్తిబాబు ముచ్చటపడి కొన్నాడు. చోడవరం నుంచి దేవరాపల్లి పోయే దారిలో తన మెరక పొలం చదును చేసి, దానికో బాట వేయించాడు. రైవాడ జలాశయం నీళ్ల మీదుగా జనాన్ని తిప్పుతానని ఊరూరా చెప్పేశాడు కూడా.

దానికి ఇప్పుడు కొత్తగా ఆటోపైలట్ పెట్టించాడు. మెకానిక్ మోజెస్ రెక్క విప్పి, లోపలి తీగలకు చిన్న మోటారు తగిలించి, పైలట్ ముందు ఓ పెట్టె బిగించాడు. మీట నొక్కితే చాలు, మనిషి చేతులు వదిలేసినా విమానం తిన్నగా పోతుంది.

సత్తిబాబుకి అది ఇట్టే బోధపడింది. ఫ్యాక్టరీకి చెరకు లాగే ఎడ్లకు దారి తెలిస్తే బండివాడు కునుకు తీయడా, ఇదీ అంతే అన్నాడు.

ఎడ్లకైనా ఆ దారి ముందు ఒకరు నేర్పాలి కదండీ అని మోజెస్ నవ్వాడు.

పైలట్ ఉదయ్‌కుమార్‌దీ అదే మాట. ఈ విమానాన్ని అతను ఎప్పుడూ నడపలేదు. పాత మనిషికి ఉన్నట్టే పాత విమానానికీ కొన్ని అలవాట్లుంటాయి. అవి ఎరిగిన మనిషి పక్కన కూర్చుంటేనే కొత్త పెట్టెను నమ్మి గాల్లో చెయ్యి వదులుతానన్నాడు. తన గురువుగారు వస్తానన్నారట. వాళ్లు రాకుండా తాను ఎక్కనని తెగేసి చెప్పాడు.

పరీక్షకు అనుమతి ఆ ఒక్కరోజుకే. పొద్దుగూకితే చెల్లదు. వానలు దిగితే ఆ మట్టి మీద చక్రం కదలదు. ఆరోజు తప్పితే మళ్లీ పై ఏడాదే.

ఇలాంటప్పుడు ఈ ఎదురు.

ఉదయ్ బాట ఆ చివర రాళ్లేమైనా ఉన్నాయేమో చూడ్డానికి వెళ్లాడు. మోజెస్ తల విమానం లోపల ఉంది. సత్తిబాబే గబగబా ముందుకు నడిచాడు.

"ఎవరమ్మా? ఏటి పని?"

"మా కుర్రోడున్నాడు బాబూ ఇక్కడ. రమ్మన్నాడు."

కూలివాళ్లలో ఎవడి తల్లో అనుకున్నాడు.

"తరవాత కలుద్దువుగాని. శుభమాని ఇమానం లేపుతన్నాం. నువ్వు ఎదురు రాకూడదు తల్లీ, ఏటనుకోకు."

ఆమె అతని ముఖం చూసింది. అతని భుజం మీదుగా విమానాన్ని చూసింది. అక్కడ కాస్త ఎక్కువసేపే చూసింది.

"నేనొస్తే లెగదంటావా బాబూ?"

"నాకు పట్టింపుల్లేవమ్మా. ఊరోళ్లు ఊరుకోరు."

అబద్ధం. ఊరివాళ్లు తాడు అవతల నిలబడి సోడాలు తాగుతున్నారు. పట్టింపంతా అతనిదే.

ఆమె వచ్చిన దారినే వెనక్కి నడిచి, కె.కోటపాడు పోయే ఆటో ఎక్కింది.

సత్తిబాబు కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి లేచాడు. దోషం పోయింది. ఇక అడ్డేముంది?

గురువుగారు రాలేదు. ఫోను చేస్తే కట్టేసి ఉంది.

మోజెస్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఎగిరిపొమ్మన్నాడు సత్తిబాబు. బిగించడమే గాని నడపడం తనకు రాదని మోజెస్ తల అడ్డంగా ఊపాడు. ఉదయ్ విమానం అద్దం తుడుస్తూ దారి చూశాడు.

సోడాలు అయిపోయాయి. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. ఎవడో వెళ్తూ వెళ్తూ, నేల మీద తిప్పడానికైతే మా ట్రాక్టరు చాలదా సత్తిబాబూ అన్నాడు.

పొద్దు వాలుతుండగా ఉదయ్ ఫోను మోగింది. అవతలి మాట చాలాసేపు విని, జేబులో పెట్టుకుని వచ్చాడు.

"పొద్దున్న ఎవరినైనా ఎనక్కి పంపేరా?"

"ఎవులో పాపం, మొగుడు పోయినావిడ. తెల్లచీర కట్టుకుని ఎదురొచ్చేసింది."

మోజెస్ చేతిలో పని ఆపాడు.

"ఇయ్యాల ఆదివారం సత్తిబాబుగారూ. సర్చికెళ్లే మా ఆడోళ్లు తెల్లచీరే కడతారు. బొట్టు మావోళ్లు ఎప్పుడూ పెట్టరు."

సత్తిబాబు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కూలివాళ్లలో ఎవడూ తల్లిని రమ్మనలేదన్న సంగతి అప్పుడు తట్టింది.

ప్రార్థనకని ఆపిన ఫోను గురువుగారు సాయంత్రం ఇంటికెళ్లాకే తీశారని చెప్పాడు ఉదయ్.

సత్తిబాబు కారు తాళం తీశాడు. కోటపాడెంత దూరం, కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తానన్నాడు.

ఉదయ్ పడమటి కొండల వైపు చూపించాడు. సూర్యుడు లేడు.

"ఏటన్నారు ఆవిడ?" గొంతు తగ్గించి అడిగాడు సత్తిబాబు.

"యేగం తగ్గితే ఎడం రెక్క ఒరుగుతాదట. కుడికాలి కింద పెడలు మెల్లిగా నొక్కమన్నారు. గట్టిగా నొక్కితే అలుగుతాదట."

"నామీద కోపం రాలేదా?"

"మీ ఊసే ఎత్తలేదు" అన్నాడు ఉదయ్, "ఈ ఇమానం మన దేశానికి వచ్చిన కొత్తలో, దీన్ని మొట్టమొదట నేల మీంచి లేపింది మా శాలోమమ్మగారే."