తెల్ల అంగీ

"ఏం ఇన్నయ్యా, ఇంట్లో అడిగినావా?"

పూజ అయి బయటికొస్తుంటే గుడి మెట్ల మీదే పట్టుకున్నారు ఫాదర్. ఇన్నయ్య చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ, "ఈ వారం తప్పకుండా అడుగుతా ఫాదర్," అన్నాడు. పోయిన వారమూ అదే అన్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇన్నయ్య విషయంలో దేవుడు పిలిచాడు, ఫాదరూ సరేనన్నారు. ఇవ్వాల్సింది పెళ్లామే. డీకన్ కావాలని అతని కోరిక. పీఠం దగ్గర ఫాదర్ పక్కన నిలబడి సువార్త చదవచ్చు, జ్ఞానస్నానాలు ఇవ్వచ్చు, పెళ్లిళ్లు జరిపించవచ్చు. పెళ్లాం పిల్లలు ఉన్నవాళ్లకూ ఆ భాగ్యం ఉంది. కాకపోతే భార్య మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఆమె కాదంటే బిషప్పు గారు కూడా ఏం చెయ్యలేరు.

తెరేజ కాదనదు. అదే ఇన్నయ్య బాధ.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో మేస్త్రీగా రోజంతా అరిచి ఇల్లు చేరేసరికి, ఆమె మంచాన పడ్డ అత్తకు అన్నం తినిపిస్తూనో, ఆడపిల్లలిద్దరి బట్టలు ఉతుకుతూనో ఉంటుంది. గిద్దలూరులో ఉన్న ఆమె పుట్టింటివాళ్లు పెళ్లికి రాలేదు. పిల్లలు పుట్టినా రాలేదు. ఆ మాట ఆమె ఏనాడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. ఏ మొహం పెట్టుకుని అడగాలి? లోకంలో ఇంకెవరైనా ఆమెను ఈ మాట అడగచ్చు, తాను తప్ప.

తల్లి ఏసమ్మ మంచంలోంచే కసిరింది. "అది నోరులేందిరా. నువ్వడిగితే ఊ అంటది. అందుకే అడగొద్దంటాండా."

అయినా అడిగాడు. ఆశ అట్లాంటిది మరి.

తెరేజ పొయ్యి దగ్గర తాలింపు వేస్తోంది. ఇన్నయ్య గడప దగ్గరే నిలబడి విషయం చెప్పాడు.

"నాలుగేండ్ల చదువంట. శని, ఆదివారాలు ఇంట్లో ఉండను."

"ఊ."

"రేపు నీకేమన్నా అయితే నేను మళ్లా పెళ్లి చేసుకోగూడదంట."

తెరేజ నవ్వింది. "ఒకసారి చేసుకున్నందుకే ఇంత భయపడతాండావు. రెండోది ఎందుకులే నీకు."

"ఎగతాళి కాదు తెరేజా. నీకు కష్టంగా లేదా?"

"దేవుడు పిలిస్తే పోవాల. పోయినాక..." ఆమె ఆగింది. "జరుగు జరుగు, తాలింపు మాడిపోతాంది."

ఆ ఆదివారం ఫాదర్ ముందు నిలబడి, "నాకిష్టమే ఫాదర్," అంది. ఇన్నయ్య తల దించుకున్నాడు.

చదువు మొదలైంది. ఇంట్లో అతను ప్రార్థనలు వల్లె వేస్తూ తప్పు పలికినప్పుడల్లా, వంటింట్లోంచి ఆమె సరిదిద్దేది, పుస్తకం చూడకుండానే. "అమ్మే పాసయితాది నాయనా, నువ్వు కాదు," అని పిల్లలు పకపకా నవ్వేవాళ్లు. ఇన్నయ్యకు నవ్వు వచ్చేది కాదు. పుస్తకం మూసి బయటికి పోయేవాడు.

నాలుగేళ్లూ గడిచాయి. డీకన్‌గా అభిషేకం చేసే రోజు దగ్గరపడింది. ఆ రోజు వేసుకోవాల్సిన తెల్ల అంగీ ఒంగోలులో కొనుక్కొస్తానన్నాడు.

"కొనేదేంది, దండగ. ఇంట్లో బట్ట ఉంది. నేను కుడతా."

మధ్యాహ్నాలు తలుపేసుకుని మిషన్ తొక్కింది. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

అభిషేకం రోజు పొద్దున్నే తానే తొడిగింది. భుజాల దగ్గర సర్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"బాగుండావు," అంది. ఆమె కళ్లు తడిశాయి గానీ మొహం నిండా నవ్వే.

బట్ట మెత్తగా ఉంది. కలరా ఉండల వాసన వేస్తోంది. కొత్తది కాదు. ఇన్నయ్య అంచు పట్టుకుని చూశాడు. ఒకచోట పల్చబడి, సన్నగా రఫూ చేసి ఉంది. ఆ రఫూ అతనికి తెలుసు.

అతని చెయ్యి పట్టుకుని మఠం గేటు దాటి వచ్చిన రోజు, సిస్టర్ తెరేజ విప్పి పెట్టె అడుగున దాచుకున్న తెల్లచీర అది.