మూడో గుంజ

కంచె మూడో గుంజ దగ్గర నిలబడ్డ ముసలాయన, వెన్నలో వేయించిన ఉల్లిపాయల సాండ్‌విచ్‌ని సగానికి తుంచి, ఒక ముక్క వెర్నన్ చేతిలో పెట్టాడు.

"తిను బాబూ. వచ్చిన దగ్గర్నుంచీ రాస్తూనే ఉన్నావు."

వెర్నన్ ఉద్యోగమే అది. ఊరూరూ తిరిగి, హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్లలో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కుర్రాళ్ళను ఏరి కాలేజీకి తీసుకుపోవాలి. సంతలో కోడెల్ని చూసినట్టు చూసేవాడు. ఎత్తు, బరువు, అరచెయ్యి వెడల్పు, పరుగు వేగం, అన్నీ పుస్తకంలో ఎక్కాల్సిందే.

అది పెన్సిల్వేనియాలో ఒక ఉక్కు మిల్లు ఊరు. 1974 అక్టోబరు. మైదానానికి దీపాల్లేవు కనుక శనివారం మధ్యాహ్నమే ఆట.

ఆ ఏడు అతని దగ్గర మిగిలింది ఒకే ఒక్క సీటు. అది దక్కిన కుర్రాడు జన్మలో కొలిమి ముఖం చూడనక్కర్లేదు. తప్పు కుర్రాణ్ణి ఎంచితే మాత్రం వెర్నన్ ఉద్యోగం ఊడుతుంది.

"ఎవరి కోసం వచ్చావ్?"

"మిచ్ కోసం. పన్నెండో నంబరు."

అంతలోనే మిచ్ విసిరిన బంతి యాభై గజాలు దూసుకుపోయింది. గ్యాలరీ అంతా లేచి అరిచింది.

"చూశావా పెద్దాయనా, ఆ చెయ్యి!"

"చెయ్యి బంగారమే. అయినా వాణ్ణి తీసుకెళ్ళకు."

వెర్నన్ నమలడం ఆపాడు. "ఏం?"

"విసిరేటప్పుడు అందరూ చూస్తారు. నువ్వు పడి లేచేటప్పుడు చూడు."

రెండు నిమిషాలకే ఎదుటి జట్టువాళ్ళు మిచ్‌ని నేలమీద పడగొట్టారు. వాడు లేస్తూనే తల తిప్పి కంచెకేసి చూశాడు.

వెర్నన్ కూడా వెనక్కి తిరిగి చూశాడు. వెనక బ్యాండు అమ్మాయిలు బారులు తీరి ఉన్నారు.

"వయసు పెద్దాయనా! ఆ మాత్రం చూడడా?"

ముసలాయన నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఒక పట్టాన ఆగలేదు.

"వాడు ఒక్క మనిషి కోసం ఆడతాడు. ఆ మనిషి లేని రోజు వాడికి కాలూ చెయ్యీ ఆడదు."

"అంతేనా? ఆ పిల్లకీ మా కాలేజీలోనే సీటిప్పిద్దాంలే!"

ముసలాయన మళ్ళీ మైదానం వైపు తిరిగాడు.

ఆట చివర్లో, ఎలాగూ గెలుపు ఖాయమని, మిచ్ బదులు ఎమిల్ అనే బక్కపల్చటి కుర్రాణ్ణి దింపారు. వాడూ పడ్డాడు. కానీ లేచి ఎటూ చూడలేదు. తనకు అడ్డుకాయలేక బోర్లా పడిన లావుపాటి కుర్రాడికి చెయ్యిచ్చి లేపి, వీపు చరిచాడు.

"అదిగో, వాణ్ణి తీసుకెళ్ళు" అన్నాడు ముసలాయన. "వాడు పడితే ముందు పక్కవాణ్ణి లేపుతాడు. ఎక్కడికెళ్ళినా పక్కవాడనేవాడు ఉంటాడు కదా."

"ఈ ఎమిల్ నీకేమవుతాడు?"

"ఏమీ కాడు. మా వీధి చివరిల్లు."

వెర్నన్ నమ్మలేదు. తనవాణ్ణి అంటగట్టే మేనమామ ప్రతి ఊరి కంచె దగ్గరా ఒకడుంటాడు.

"కాకిపిల్ల కాకికి ముద్దు పెద్దాయనా!"

ముసలాయనకు కోపం రాలేదు.

"అవును బాబూ, ముద్దే" అన్నాడు.

సోమవారం మిచ్ కాగితాల మీద సంతకం చేశాడు. తండ్రి మిల్లులో షిఫ్టులో ఉన్నాడని తల్లి వచ్చింది.

మొదటి ఏడు మిచ్ మెరిశాడు. శనివారాలు వేరే ఊళ్ళ కంచెల దగ్గరుండే వెర్నన్ ఆ ముచ్చట పేపర్లోనే చదివాడు. రెండో ఏడు నవంబరులో మిచ్ చెయ్యి ఉన్నట్టుండి చచ్చుబడ్డట్టయింది. దెబ్బ తగిలిందా అంటే అదీ లేదు. క్రిస్మస్‌కి ఇంటికెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

ఎమిల్‌ని ఒక చిన్న కాలేజీ తీసుకుంది. ఆఖరి ఏడు వాడి జట్టు వచ్చి వెర్నన్ కాలేజీనే చిత్తుగా ఓడించింది. వెర్నన్‌ని ఇంటికి పంపేశారు.

నలభై ఏళ్ళు గడిచాయి.

ఆ ఊరి స్కూలుని పక్క ఊరి దాంట్లో కలిపేస్తున్నారనీ, ఆ మైదానంలో ఇదే ఆఖరి ఆటనీ తెలిసి, వెర్నన్ చేతికర్ర పట్టుకుని వెళ్ళాడు. మిల్లు పొగగొట్టాలు లేవు. వెన్నలో వేగుతున్న ఉల్లిపాయల వాసన మాత్రం అలాగే ఉంది. ఆ వాసనకి అతని కళ్ళు చెమర్చాయి.

సాండ్‌విచ్‌లు అమ్ముతున్న నెరిసిన జుట్టు మనిషి అతన్ని పోల్చుకున్నాడు.

"వెర్నన్ సార్! నేను, మిచ్‌ని!"

"మిచ్! నీకు నేను అన్యాయం చేశానురా."

"భలేవారే. ఆ ఒక్క ఏడాదీ చాలు సార్ నాకు. ఇంతకీ ఇంత దూరం ఎందుకొచ్చారు?"

"ఒకాయనకి క్షమాపణ చెప్పుకోవాలని. నా ఉద్యోగంలో నాకు దొరికిన ఒకే ఒక్క నిజమైన సలహా ఆయనది. వినకుండా వెక్కిరించాను. ఎమిల్ మేనమామ అనుకుంటా. ముసలాయన, ఒకటే దగ్గు. అదిగో, ఆ మూడో గుంజ దగ్గర నిలబడేవాడు."

మిచ్ గుంజకేసి చూశాడు.

"ఎమిల్‌కి మేనమామలెవరూ లేరు సార్. ఆయన ముసలాయనా కాదు, అప్పటికి నలభై తొమ్మిదే. ఊపిరితిత్తుల్ని మిల్లు తినేసింది. మొదటి ఏడాదంతా బస్సెక్కి మీ కాలేజీకీ వచ్చి కంచె దగ్గరే నిలబడ్డాడు. రెండో ఏడు నవంబరులో పోయాడు."

అతను ఒక సాండ్‌విచ్ తీసి, సగానికి తుంచి, ఒక ముక్క వెర్నన్ చేతిలో పెట్టాడు.

"పడి లేచినప్పుడల్లా నేను చూసింది ఆ గుంజకేసే సార్. అక్కడ నిలబడేది మా నాన్న."