పోని అంకె

స్కేలు అంచు వేలి కణుపుల మీద పడేసరికి గువ్వ చేతిలోని సుద్దముక్క జారిపోయింది.

“తప్పు,” అన్నాడు లెక్కల మాస్టారు. “ఎక్కడ తప్పో నువ్వే వెతుక్కో. అన్నీ నేనే నోట్లో పెడితే నీకు బుర్రెప్పుడు పెరుగుతుంది?”

బోర్డు మీద తొమ్మిది వేల ఆరువందల నలభై ఎనిమిది ఉంది. పదహారుతో భాగించాలి. గువ్వ తెచ్చిన జవాబు అరవై మూడు. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ పిల్ల మాత్రం తన అంకెల వంకే చూస్తూ నిలబడింది. అన్నీ అమ్మ చెప్పినట్టే వేసింది; ఒక్కటీ తప్పుగా కనిపించలేదు.

క్లాసులో పెద్ద భాగహారాలు చెప్పిన మూడు వారాలూ గువ్వ కామెర్లతో మంచానికి అతుక్కుపోయి ఉంది. తిరిగొచ్చాక అడిగితే, “నీ ఒక్కదాని కోసం మళ్ళీ మొదలెట్టాలా?” అని కసిరాడు మాస్టారు. అప్పుడు తల్లే ముందుకొచ్చింది.

“ఐదు దాకా చదివినదాన్ని. ఆ మాత్రం నేను చెప్పలేనా?”

తండ్రి నవ్వాడు. బస్సు డిపోలో మెకానిక్కు. “నువ్వా? నీకేం వచ్చని?”

“వచ్చినంతే చెబుతా.”

“చెప్పు, చెప్పు. ఇదిగో పిల్లా, ఐదు తర్వాత పరీక్ష పెట్టి తీసుకునే ఆ హాస్టలు బళ్ళో మా డిపోలో ఎవడి కూతురికీ సీటు రాలేదు. నువ్వు తెచ్చావో, ఎంత కావాలంటే అంత చదువు. తేలేదో, ఐదుతో సరి. మళ్ళీ చదువు మాటెత్తావంటే ఊరుకోను.”

“అక్కడ చేరితే ఇంటికి ఎన్నాళ్ళకోసారి పంపుతారు?” అడిగింది తల్లి, చంకలోని చంటిదాన్ని రెండో చంకకి మార్చుకుంటూ.

“ఏడాదికి రెండుసార్లు.”

తల్లి చంటిదాన్ని గువ్వ చేతికిచ్చింది.

ఆమెది గుండీల కార్ఖానాలో మధ్యాహ్నం షిఫ్టు. గువ్వ బడి నుంచి వచ్చి చంటిదాన్ని పక్కింటి నుంచి తెచ్చుకుని, పాలు పట్టి, నిద్రపుచ్చేది. అందుకే చదువంతా పొద్దున్నే. గువ్వ పలక ఒళ్ళో పెట్టుకుంటే, తల్లి వెనక కూర్చుని జడ వేస్తూ చెప్పేది.

“తొంభై ఆరులో పదహారు ఎన్నిసార్లు?”

“ఆరు.”

“ఏమైనా మిగిలిందా? లేదు. నాలుగు దించు. నాలుగులో పదహారు పోతుందా?”

“పోదు.”

“పోదు కాబట్టి పక్కనున్న ఎనిమిది కూడా దించేసుకో. నలభై ఎనిమిది. మూడుసార్లు. అయిపోయింది.”

“మరి ఆ పోనిదానికి జవాబులో ఏం రాయాలమ్మా?”

“పోనిదానికి ఏం రాస్తావే పిచ్చిదానా?”

గువ్వ నవ్వేసింది. అమ్మ చెబితే లెక్క కూడా కథలా ఉండేది.

చిత్రం ఏమిటంటే కొన్ని లెక్కలు చక్కగా వచ్చేవి, కొన్ని వచ్చేవి కావు. గువ్వ పట్టు వదల్లేదు. రోజుకి ఇరవై చొప్పున చేసింది. ఒకరోజు తనకే బుద్ధి పుట్టి, అరవై మూడుని పదహారుతో గుణించి చూసింది. వెయ్యీ ఎనిమిది వచ్చింది.

“అమ్మా, తొమ్మిది వేలు రావాలి కదా?”

తల్లి చెయ్యి జడ పాయల మధ్య ఆగింది. “గుణించడంలో పొరపాటు చేసుంటావు.”

గువ్వ ఐదుసార్లు గుణించింది. ఐదుసార్లూ వెయ్యీ ఎనిమిదే. చివరికి గుణకారం కూడా తనకి రాదని తేల్చుకుంది.

పరీక్ష రోజు గంట కొట్టక ముందే రాసేసి బయటికి పరుగెత్తుకొచ్చింది. “అన్నీ చేశాను నాన్నా! హాస్టల్లో ఎవరి మంచం వాళ్ళకేనట!” అంది. తండ్రి మొదటిసారి కూతుర్ని భుజం మీద ఎక్కించుకున్నాడు.

నెల తర్వాత బడి గోడ మీద జాబితా అంటించారు. గువ్వ పేరు లేదు.

“మిగతావన్నీ బాగానే ఉన్నాయి,” అన్నాడు మాస్టారు తండ్రితో, పళ్ళు కుట్టుకుంటూ. “భాగహారాలే కొంప ముంచాయి. పదికి ఏడు తప్పు. ఇంట్లో ఎవరు చెబుతున్నారో గానీ, వాళ్ళకో దండం.”

ఇంటికొచ్చాక తండ్రి గువ్వ లెక్కల పుస్తకం తీశాడు. ఒక్కో కాగితం చింపి, ఒక్కోదానికీ ఒక్కో దెబ్బ వేశాడు.

“ఎవరు నేర్పారే నీకీ దిక్కుమాలిన లెక్కలు? మీ అమ్మేనా?”

గువ్వ తల్లి వైపు చూసింది. తల్లి గుమ్మంలో చంటిదాన్ని ఎత్తుకుని నిలబడింది. దాని వీపు తడుతూ ఉంది.

“కాదు నాన్నా,” అంది గువ్వ. “అమ్మ బాగానే చెప్పింది. నాకే బుర్ర లేదు.”

ఆ మాట అన్నందుకు ఇంకో రెండు తగిలాయి.

మర్నాడు తల్లి గువ్వ వాచిన చెంపకి నూనె రాసింది. “పోనీలే తల్లీ. రాసిపెట్టి లేదు,” అంటూ చంటిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టింది. “ఇదిప్పుడు నువ్వు లేకపోతే ఒక్క పూటైనా ఉంటుందా?” గువ్వ చెల్లెల్ని గట్టిగా హత్తుకుంది. ఇక బడి గంటతో పని లేదు. తల్లి పొద్దున షిఫ్టుకి కూడా వెళ్ళడం మొదలెట్టింది.

కార్ఖానాలో కొత్త గుమాస్తా కాగితం మీద కొట్టివేతల మీద కొట్టివేతలు చేస్తున్నాడు. నలభై వేల ఎనిమిది వందల ఇరవై నాలుగు గుండీలు. ఇరవై నాలుగు పెట్టెల్లో సమానంగా సర్దాలి.

“పెట్టెకి నూట డెబ్భై ఒకటి చొప్పున వెయ్యండి!” అని కేకేశాడు. ఆడవాళ్ళంతా సర్దడం మొదలుపెట్టారు. పెట్టెలన్నిట్లో లెక్క ప్రకారం వేసినా బల్ల మీద కుప్ప తగ్గినట్టే లేదు. గుమాస్తా తల గోక్కుంటూ కాగితం పట్టుకుని వరస వెంట నడిచాడు. తల్లి చేతిలో పని ఆపకుండానే దానివైపు ఒక్కసారి చూసింది.

“రెండులో ఇరవై నాలుగు పోదు కదా, అక్కడ సున్నా వదిలేశారు సార్,” అంది.