రెండో తరగతి ఆడపిల్లలు

ఆ రోజుల్లో ఆడపిల్లలందరూ ఏడేళ్లకే పెద్దమనుషులవుతున్నారు. బడిసంచిలో పెన్సిళ్ల డబ్బా పక్కనే ప్యాడ్లు సర్దడం తల్లులకు అలవాటైపోయింది.

మండపేటలో సత్యవేణి కూతురు మేఘమాల కూడా ఆ వేసవిలోనే పెద్దమనిషైంది. బడి తెరవగానే అక్కడి నర్సు షకీలా, సత్యవేణిని పిలిపించింది.

"ఒళ్లు ముందే ఎదిగిపోయిందమ్మా, బుద్ధికింకా ఏడేళ్లే. మాయమాటలు చెప్పేవాళ్లుంటారు. గర్భం గురించి, జబ్బుల గురించి ఇప్పట్నుంచే కొంచెం కొంచెం చెప్పండి. బడి మాత్రం మాన్పించకండి. మానేసిన పిల్లలకే ముప్పెక్కువ."

ఆ సాయంత్రం జడ వేస్తూ సత్యవేణి అడిగింది. "ఎవరైనా 'నువ్వు పెద్దదానివయ్యావు, నాతో రా' అంటే ఏం చేస్తావే?"

"వెళ్తాను," అంది మేఘమాల సంబరంగా. "పెద్దదాన్నయ్యానని నువ్వే కదమ్మా అందర్నీ పిలిచి భోజనాలు పెట్టావు?"

గుణింతాలైనా సరిగా రాని పిల్లకు ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలో సత్యవేణికి తెలియలేదు.

మర్నాడు పిల్లను బడికి పంపలేదు. షకీలా ఇంటికొచ్చి బతిమాలింది.

"ఇంట్లో ఉంటే నా కళ్లెదురుగా ఉంటుంది మేడం," అని సత్యవేణి తలుపేసుకుంది. తప్పు చేస్తున్నానని తెలిసే వేసుకుంది.

దసరా సెలవుల తర్వాత రెండో తరగతిలో హాజరు పలికినవాళ్లందరూ మగపిల్లలే.