రెండు దోసిళ్ళ కనకాంబరాలు

"పూలకే డెబ్బై వేలా?"

మంజులత గొంతు ఆమెకే వింతగా వినిపించింది.

పెనుకొండ రోడ్డులో ఉన్న ఆ కల్యాణ మంటపం మేనేజరు తల కూడా ఎత్తలేదు. స్టేజీ, వాకిలి, దండలు అన్నీ కలిపి అంతేనని, బెంగుళూరు నుంచి మనుషులొచ్చి కడతారని చెప్పాడు.

చెల్లెలు ధరణి పెళ్ళి ఇక పది రోజులే. తల్లి లేదు. తండ్రి తిమ్మరాజు ధర్మవరంలో నలభై ఏళ్ళు మగ్గం ముందు కూర్చుని పట్టుచీరలు నేసి, ఇప్పుడు నడుం ఎత్తలేకున్నాడు. పెళ్ళి బరువంతా మంజులత మీదే పడింది. మగపెళ్ళివాళ్ళు కోరింది ఒక్కటే: ప్లాస్టిక్ పూలు వద్దు, నిజమైన పూలే ఉండాలి.

బయటికొచ్చి గేటు దగ్గర దిగులుగా నిలబడింది.

కాపలా ముసలాయన పోతులయ్య స్టూలు మీంచి లేచాడు. లోపలి మాటలు విన్నట్టున్నాడు.

"అంత దుడ్లు ఏంటికి పోస్తావు తల్లీ? నే చెప్పినట్ల చెయ్యి."

వాచ్‌మన్‌కు పూల సంగతి ఏం తెలుసులే అనుకుంది. అయినా విన్నది.

ముహూర్తం నాడు కొంటే రేటు రెండింతలవుతుంది, ముందురోజే తెల్లవారకముందు హిందూపురం మార్కెట్టుకు పొమ్మన్నాడు. బంతీ చామంతీ సగం విచ్చినవే తెమ్మన్నాడు. ప్లాస్టిక్ కవర్లలో ఉడికిపోతాయి, తడిపిన గోనెపట్టాల మీద నీడన పరచమన్నాడు. మధ్యమధ్య మరువం కలిపి కడితే సగం పూలతోనే సరిపోతుందట. స్టేజీ వెనకవైపు ఎవరు చూస్తారు, అక్కడికి మామిడాకు చాలన్నాడు.

"మరి కట్టేదెవరు?"

"నేను కడతాలే. చేతులు ఇంకా మర్సిపోలేదు."

ఆ మాటేమిటని ఆమె అడగలేదు.

పెళ్ళి ముందురోజు హిందూపురం నుంచి పూలు దిగాయి. వంటశాలలో పనిచేసే ముత్యాలమ్మను తోడు పెట్టుకుని, పొద్దుగూకే లోపల పోతులయ్య మాలలన్నీ కట్టేశాడు. కూలి ఎంతంటే తల అడ్డంగా ఊపాడు.

అదే మంజులతకు అనుమానం పుట్టించింది. ఉత్తపుణ్యానికి ఎవరు చేస్తారు ఈ కాలంలో?

పెళ్ళినాటి ఉదయం ఆ అనుమానం నిజమైంది. ధరణి జడకని విడిగా దాచిన కనకాంబరాల బుట్ట తడిగుడ్డ తీసి చూస్తే, పూలు బాగా తగ్గిపోయి ఉన్నాయి. అన్ని పూలలోకీ ఖరీదైనవి అవే.

కిటికీలోంచి చూసింది. పోతులయ్య టవలు మూట గుండెకానించుకుని వంటశాల వెనక్కి పోతున్నాడు.

"పెద్దాయనా, ఆ టవల్లో ఏముండాది?"

ఆయన ఆగి, మూట విప్పాడు. రెండు దోసిళ్ళ కనకాంబరాలు.

"అడిగింటే ఇయ్యనా? దొంగతనం ఏంటికి?"

చుట్టాలు చేరారు. పోతులయ్య పెదవులు కదిలాయి. గౌరీపూజలో కూర్చున్న ధరణి వైపు ఒకసారి చూశాడు. తల దించుకున్నాడు.

"తప్పయింది తల్లీ."

పూలను నలగకుండా మళ్ళీ బుట్టలో పోశాడు.

మేనేజరు ఆ పనిలో చేరి నెల కూడా కాలేదు. మంటపానికి చెడ్డపేరు వస్తుందని బెదిరిపోయి, ఆ నిమిషమే వెళ్ళిపొమ్మన్నాడు. అంత శిక్ష వద్దని చెప్పబోయింది మంజులత. అంతలో మగపెళ్ళివారి కారు గేటు ముందు ఆగింది. మాట మింగేసి హారతి పళ్ళెం అందుకుంది.

బట్టల సంచీతో బయటికి పోతూ పోతులయ్య ఆమె దగ్గర ఒక్క క్షణం నిలిచాడు.

"వాకిలి మాలలకు ఎండ తగుల్తాది. ఇంకో తూరి నీళ్ళు చల్లించు తల్లీ."

పెళ్ళి చక్కగా జరిగింది. పెళ్ళికొడుకు తల్లి మాలలను చేత్తో తాకి చూసి, బెంగుళూరులో ఎవరి దగ్గర చేయించారని అడిగింది. మేమే చేసుకున్నామంది మంజులత.

మధ్యాహ్నానికి చుట్టాలు వెళ్ళిపోయారు. గిన్నెల లెక్క చూసుకుందామని ఆమె వంటశాల వెనక్కి వెళ్ళింది. పనివాళ్ళు మాలలన్నీ తెంపి అక్కడ కుప్ప పోశారు. మోకాలెత్తు కుప్ప. పూలింకా వాడనేలేదు.

కుప్ప పక్కనే, గోడవారగా, సున్నం కొట్టిన చిన్న సమాధి. దాని మీద ఎండి నల్లబడిన కనకాంబరాలు ఉన్నాయి. పాత పెళ్ళిళ్ళవి కాబోలు.

గిన్నెలు తోముతున్న ముత్యాలమ్మను అడిగింది, ఎవరిదని.

"పోతులయ్య పెండ్లాముది. కనకాంబరాలంటే పానమంట ఆయమ్మకు. పెండ్లి జరిగినప్పుడల్లా రెండు దోసిళ్ళు తెచ్చి పెడతాడు. వాడినవి పెట్టబుద్ధి కాదు ఆయప్పకు."

మంజులత వంగి ఆ ఎండిన పూలను వేలితో తాకింది.

"నాతో ఒక మాట చెప్పింటే పోయేది గదా?"

"పెండ్లిదినం సమాధి మాట ఎట్ల ఎత్తేదమ్మా? పెండ్లికూతురికి మంచిది కాదని నోరు మూసుకున్యాడు."

ఎక్కడికి పోయాడని అడిగింది. పిల్లాజెల్లా లేరని, ముదిగుబ్బ బస్సెక్కాడని, ఎక్కడ దిగాడో ఎవరికీ తెలియదని చెప్పింది ముత్యాలమ్మ. మేనేజరు అప్పుడే వేరే మనిషిని పెట్టేశాడట.

ఆయన్ను ఎలాగైనా వెతికించి, ధర్మవరంలో ఇంతకన్నా మంచి పని ఇప్పిస్తానంది మంజులత.

ముత్యాలమ్మ చేతిలో గిన్నె కింద పెట్టింది.

"పని కోసరం ఉండలేదమ్మా ఆయప్ప ఈడ. మంటపం కట్టిన ఈ నేలంతా ఆయప్ప పూలతోటే. కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక చుట్టూ భూములన్నీ పోతే, కడాకు ఇదీ మంటపమోళ్ళకు రాసిచ్చేటప్పుడు ఆయప్ప అడిగింది ఒకటే, సచ్చేదాకా ఆమె పక్కన కావలి ఉండనీమని."